దిండు ఎత్తు

కళ్లద్దాల షాపు మీది గది,
ఫిబ్రవరి, ఆదివారం.

అక్కా,

ముందు మిషను మీంచి కాలు తియ్యి. కుడుతూ చదివితే వేల్లో సూది దిగుతుంది, ఆ పాపం నాకొద్దు.

నేను విమానం నడపడం నేర్చుకుంటున్నాను.

నవ్వడం అయిందా? నిజమే చెప్తున్నాను. ఊరవతల ఖాళీ మైదానంలో ఒక క్లబ్బు ఉంది. క్లబ్బంటే పెద్దగా ఊహించుకోకు. ఒక రేకుల షెడ్డు, గాలి ఎటు వీస్తోందో చూపించే గుడ్డ గొట్టం, రెండు సీట్ల పాత విమానం ఒకటి. చిన్నప్పుడు మన ఊరికి వచ్చిందే, ఇంచుమించు ఆ రకమే, కాకపోతే దీనికి వెనక సీటు లేదు. అక్కడ నేర్పించే మాస్టారు కళ్లద్దాలు బిగించుకోవడానికి మా షాపుకొచ్చాడు. ఒకప్పుడు పొలాల మీద మందు చల్లే విమానం నడిపేవాడట. ఆయన అద్దాల మరలు తిప్పుతూ, నలభై దాటినవాళ్లకి నేర్పుతారా అని మాటవరసకి అడిగాను. "చూపు బాగుండాలమ్మా, వయసుతో నాకేం పని?" అన్నాడు. మర్నాడే వెళ్లాను.

ఖర్చు సంగతి అడుగుతావని తెలుసు. సొంత షాపు పెట్టుకుందామని దాచుకున్నది ఉంది కదా, అదే. గంట ఎగిరితే గంటకి కట్టాలి. పెట్రోలు వేరు, విమానం అద్దె వేరు, మాస్టారి ఫీజు వేరు. మధ్యలో తప్పులు చేయకుండా నేర్చుకుంటే సరిపోతుంది. ఒక్కదాన్నే ఎగిరి దిగేలోపు సొమ్ము అయిపోయిందా, అక్కడితో సరి. అప్పు మాత్రం చేయను, నీ మీద ఒట్టు.

నీతో ఒక పని పడింది. ఈ సీటు ముందుకీ వెనక్కీ జరుగుతుంది కానీ పైకి లేవదు. నా ఎత్తు సంగతి నీకు తెలుసు కదా. అందులో కూర్చుంటే నాకు ఆకాశం తప్ప ఇంకేమీ కనబడటం లేదు. నాకొక దిండు కావాలి. గట్టిది. బావ బస్సు సీటుకి కుట్టావే, అలాంటిది. బజార్లో దొరుకుతాయి, కానీ నాకు నీ చేతి దిండే కావాలి.

బావకి చెప్పు. సంతోషిస్తాడు.

పుల్ల


కుట్టు షాపు (నేల మీదే),
ఫిబ్రవరి.

పైలట్ గారికి,

నేను నవ్వలేదు. నవ్వింది మీ బావ, అదీ సంతోషం పట్టలేక. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని డిపోకి పోయాడు. సాయంత్రానికల్లా డ్రైవర్లకీ కండక్టర్లకీ అందరికీ "మా మరదలు పైలట్" అయిపోయింది. పెళ్లయినప్పటినుంచీ నేను కుట్టిన చొక్కాలే తొడుక్కుంటున్నాడు. ఒక్కనాడైనా "మా ఆవిడ కుట్టింది" అని ఎవరికీ కాలరు చూపించిన పాపాన పోలేదు.

ఖర్చు రాశావు కదా, నేనూ లెక్క కట్టాను. నాకు తెలిసిన లెక్క ఒక్కటే. నువ్వు గాల్లో గంట తిరగాలంటే నేనిక్కడ వారమంతా పాంట్లకి అంచులు మడవాలి. నువ్వు ఒక్క మలుపు తిరిగేసరికి నాలుగు పాంట్లు ఎగిరిపోతాయి. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందట! సొంత షాపన్నావు, బోర్డుకి రంగు కూడా ఎంచావు, నాచేత కర్టెన్లకి గుడ్డ కొనిపించావు. ఆ గుడ్డ ఇంకా నా బీరువాలోనే ఉంది.

అయినా నీకేంలే. విమానం ఎక్కే రాత నీకు మొదట్నుంచీ ఉంది. ఎక్కినవాళ్లకి గుర్తుండదు, కింద నిలబడ్డవాళ్లకే గుర్తుంటుంది. డబ్బులు తీసుకుని జనాన్ని ఒక చుట్టు తిప్పే ఆ విమానం మన ఊరి మైదానంలో దిగినప్పుడు నీకు ఆరేళ్లు, నాకు తొమ్మిది. బడి ఎగ్గొట్టి రోజూ దాని చుట్టూ తిరిగింది నేను. నాన్న కాళ్లు పట్టుకుని బతిమాలింది నేను. తీరా నాన్న వెంటబెట్టుకుని వెళ్తే, వెనక సీట్లో అప్పటికే ఒక లావుపాటి జంట కూర్చుని ఉంది. విమానంవాడు మనిద్దర్నీ ఎగాదిగా చూసి ఏమన్నాడు? "ముందు ఒక్క సీటే ఉంది. బరువు తక్కువ పిల్లని ఎక్కించండి." నువ్వు పుల్లవి, నేను బస్తాని. ఆ పేర్లు మనకి ఆ రోజే పడ్డాయి. చెప్పులు జారి పడిపోతాయని విప్పి నా చేతిలో పెట్టి నువ్వు ఎక్కావు. నేను నీ చెప్పులు పట్టుకుని నిలబడ్డాను.

మన ఇల్లు అగ్గిపెట్టెలా ఉంది, మేడ మీద అమ్మ దుప్పట్లు ఆరేస్తోంది, ఏరు అమ్మ కొలత టేపులా మెలికలు తిరిగి ఉంది. దిగాక నువ్వు చెప్పిన ఇవన్నీ నీకు ఇప్పుడు గుర్తున్నాయో లేదో. నాకున్నాయి.

దిండు పంపుతున్నాను. మెత్తగా ఉంటుంది. కూర్చున్న చోట సుఖం ముఖ్యం కదా.

అక్క


కళ్లద్దాల షాపు మీది గది,
మార్చి.

అక్కా,

దిండు అందింది. అంచు కుట్టు చూసి మాస్టారు తిప్పి తిప్పి మెచ్చుకున్నాడు. దాని మీద కూర్చున్న మొదటి రోజు ఎంత బాగుందో చెప్పలేను. పొలాలు, రోడ్డు, రోడ్డు మీద పాకుతున్న బస్సు, అన్నీ కనబడ్డాయి. ఆ బస్సు బావదేనేమో అనుకుని పిచ్చిదానిలా చెయ్యి ఊపాను. ముందు స్టీరింగు పట్టుకోమని మాస్టారు కసిరాడు.

నువ్వు రాసిన చెప్పుల సంగతి ఇంకోసారి రాస్తాను. 

ఎగరడం కష్టం కాదక్కా. దిగడమే కష్టం. నేల దగ్గరికొచ్చాక ముక్కు కాస్త పైకెత్తి మెల్లగా కూర్చోబెట్టాలి. ఆ క్షణంలో నేల ఎంత దూరంలో ఉందో ఏ యంత్రమూ చెప్పదు, కళ్లే చెప్పాలి. నా కళ్లు చెప్పడం లేదు. ఒకరోజు ముందే ఎత్తేస్తాను, దభీమని పడుతుంది. ఇంకోరోజు ఆలస్యం చేస్తాను, బంతిలా ఎగిరెగిరి పడుతుంది. వింతేమిటంటే మొదటి వారం బాగానే దించాను. "అందరికీ రోజురోజుకీ వస్తుంది, నీకు రోజురోజుకీ పోతోందేమిటమ్మా?" అంటున్నాడు మాస్టారు. ఆయన లెక్క ప్రకారం ఈపాటికి నన్ను ఒంటరిగా వదలాలి. సొమ్ము మాత్రం లెక్క దాటి పోతోంది. ఆ కర్టెన్ల గుడ్డ ఎవరికైనా అమ్మేయి. నా షాపు గాల్లో కలిసిపోయింది. ఉన్నమాటే రాస్తున్నాను.

పుల్ల


కుట్టు షాపు,
ఏప్రిల్.

మా బంగారు చెల్లికి,

నీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. రెండుసార్లు చదివాను. "ఏమిటివాళ, ఇంకో ముద్ద ఎక్కువ తింటున్నావ్?" అన్నాడు మీ బావ. ఆయనకేం తెలుసు, బాధలో కూడా మనిషికి ఆకలేస్తుంది.

అందరికీ అన్నీ రావే. నాకు కాలరు వచ్చినట్టు జేబు రాదు. ఒప్పుకున్నానా లేదా? మానేస్తే నామోషీ ఏమీ లేదు. మిగిలిన సొమ్ముతో చిన్నదో చితకదో షాపు పెట్టుకో. గుడ్డ అమ్మలేదు, దాచే ఉంచాను.

ఇక్కడ జూన్‌లో స్కూళ్లు తెరిచేలోపు అన్నీ కుట్టివ్వాలి. యూనిఫాంలు గుట్టలుగా పడున్నాయి, వంచిన తల ఎత్తడం లేదు. నువ్వు పైనుంచి దేశాలు చూస్తున్నావు, నేను సూది కింద గుడ్డ చూస్తున్నాను. చాలదన్నట్టు మీ బావ ఎక్కడినుంచో విమానం బొమ్మ క్యాలెండరు తెచ్చి సరిగ్గా నా మిషను ఎదురుగా మేకు కొట్టి తగిలించాడు. నా షాపులో, నా గోడకి! తల ఎత్తితే అదే. నువ్వు దాన్ని నడుపుతున్నట్టే ఉంటుంది నాకు. చెప్పులో రాయి అంటారే, అలా ఉంది.

అన్నట్టు, దిండు ఎలా ఉందో ఈసారి రాయలేదు. సుఖంగానే ఉంది కదా? ఊరికే అడుగుతున్నాను.

అక్క


విమానం షెడ్డు,
మే.

దర్జీ గారికి,

విమానం చక్రం వంగింది. నాకేమీ కాలేదు. మాస్టారి మోచెయ్యి గీరుకుపోయింది. నేల ఇంకా కింద ఉందనుకున్నాను, అది అప్పటికే వచ్చేసింది. బాగుచేయించే ఖర్చు దించినవాళ్లదే, ఇక్కడి పద్ధతి అది. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఇక నా దగ్గర మిగిలింది మహా అయితే మూడు నాలుగు గంటల సొమ్ము.

మాస్టారు తిట్టలేదు. నన్ను మళ్లీ సీట్లో కూర్చోమని, పక్కన నిలబడి, నా కంటికీ కిటికీ అంచుకీ మధ్య తన వేళ్లు ఆనించి చూశాడు. "మొదట్లో ఇక్కడ నాలుగు వేళ్లు పట్టేవి. ఇప్పుడు రెండు కూడా పట్టడం లేదు. నువ్వేమైనా కుంగిపోతున్నావా అమ్మా?" అన్నాడు.

నేను కళ్లద్దాల షాపులో పనిచేసే మనిషిని. అద్దం నడిమధ్య కంటికి ఎదురుగా రాకపోతే మెట్టు ఎక్కడుందో తెలియక తూలిపోతారని వచ్చినవాళ్లందరికీ చెప్తాను. నా కళ్లే రోజుకింత కిందికి దిగుతున్నాయని నాకే తట్టలేదు.

దిండు విప్పాను. నీ కుట్టు విప్పడం ఎంత కష్టమో! లోపల స్పాంజి లేదు, పీచు లేదు. పాత దుప్పట్లలోంచి తీసిన దూది, దాని మీద గుడ్డముక్కలు. పసిపిల్ల తల కింద పెట్టే దిండులా ఉంది.

గట్టిది కావాలని రాశాను అక్కా. బావ సీటుకి కుట్టిన దిండు ఇన్నేళ్లయినా అణగలేదు, ఆయన బరువు తక్కువేమీ కాదు. నాది మూడు వారాలకే అణిగింది, నన్ను పుల్ల అంటారు. నీకు పని రాదని నేను చచ్చినా అనుకోను. మరి ఏమనుకోవాలో నువ్వే రాయి.


కుట్టు షాపు,
మే.

అవును.

స్పాంజి కోసి బల్ల మీద పెట్టుకున్నాను. పీచు కూడా తెప్పించాను. తీరా కూర్చున్నాక చెయ్యి దూది మూట వైపు పోయింది. కావాలని చేశావా అంటే అవుననే అంటాను. చక్రం వంగాలని చేశావా అంటే మాత్రం కాదు, ఎవరి మీద ఒట్టు వేయమంటే వాళ్ల మీద వేస్తాను. నీకు ఏమీ కనబడకూడదు, విసుగొచ్చి మానేసి రావాలి, అంతే అనుకున్నాను. ఆ రోజు నేను కింద నిలబడి ఉత్త ఆకాశం చూశాను కదా, నువ్వూ అదే చూడాలి.

నీ ఉత్తరం వచ్చినప్పటినుంచీ సూదిలో దారం ఎక్కించలేకపోతున్నాను. మీ బావ ఏమైందని అడుగుతున్నాడు. ఏం చెప్పను? నేను కుట్టిన దిండు వల్ల నా చెల్లెలు నేలకి కొట్టుకునేదని చెప్పనా?

అయినా కుళ్లు లేదని రాయను. ఉంది. అమ్మ మిషను నాకు ఇచ్చిందని పెద్ద వాటా నాకే వచ్చిందన్నారు అందరూ. ఆ మిషనుతో పాటు ఈ గది, ఈ స్టూలు, ఈ కిటికీ కూడా వచ్చాయి. నీకు వాటా ఏమీ రాలేదు కాబట్టి నచ్చిన చోటికి పోయావు. నువ్వు ఆ రోజు చెప్పిన ప్రతి మాటా నాకు కంఠతా వచ్చు. గుడ్డ కత్తిరించేటప్పుడు కత్తెర మెలికలు తిరిగి పోతుంటే, ఆ దారిలో ఏరు చూస్తాను నేను. పైనుంచి. అది నీది, నాది కాదు. నాకు కావాలి. ఇంతకంటే విప్పి చెప్పడం నాకు రాదు.

క్షమించమని అడగను. అడిగితే నువ్వు క్షమించేస్తావు, అందులోనూ నీదే పైచెయ్యి అవుతుంది.

కానీ నా పని చెడిందన్న మాట పడను. ఇవి కొలిచి పంపు. సీటు మీంచి కిటికీ అంచుకి ఎంత. సీటు మీంచి, మీటర్లుండే ముందు పలక పై అంచుకి ఎంత. నువ్వు గోడకి ఆనుకుని కింద కూర్చుంటే నేల నుంచి కంటికి ఎంత. టేపు బిగించి పట్టు. వదులుగా పట్టి అంకెలు పంపితే ఊరుకోను.


విమానం షెడ్డు,
మే.

కిటికీ అంచు ఇరవై ఆరు అంగుళాలు. ముందు పలక ఇరవై ఏడు. నా కన్ను ఇరవై అయిదు.

టేపు బిగించే పట్టాను.


కుట్టు షాపు,
జూన్.

చెల్లికి,

దిండు ఈ ఉత్తరంతోనే వస్తుంది. కింద పీచు, మీద గట్టి స్పాంజి, చుట్టూ బస్సు సీట్లకి వేసే గుడ్డ. జారకుండా పట్టీలు పెట్టాను, సీటుకి కట్టుకో. మీ బావని రెండు రోజులు దాని మీదే కూర్చోబెట్టి, అన్నం కూడా అక్కడే పెట్టాను. దారమంత కూడా అణగలేదు. ఎందుకో చెప్పలేదు ఆయనకి. మొలలొచ్చాయని అనుమానిస్తున్నానేమో అనుకుని భయపడ్డాడు.

ఇంకోటి అడగాలి.

నువ్వు పంపిన అంకెలు సుద్దతో గోడ మీద గీశాను. కిటికీ గీత ఒకటి, నీ కంటి గీత ఒకటి. మధ్యలో యూనిఫాం కొలతలకి ఒకటో తరగతి పిల్ల వచ్చింది. నీలాగే పుల్ల. ఏ బుద్ధి పుట్టిందో, దాన్ని ఆ గీతల దగ్గర గోడకి ఆనించి కూర్చోబెట్టాను. దాని కళ్లు కిటికీ గీతకి అయిదంగుళాల కిందే ఆగిపోయాయి. వాళ్లమ్మ నన్ను వింతగా చూసింది. కూర్చున్న పిల్లకి గౌను పొడవు ఎలా కొలుస్తారండీ అంది.

నలభై దాటాక, ఇంత మనిషివి, నీకే దిండు కావాల్సి వచ్చింది. ఆరేళ్లప్పుడు నీకు దిండు ఎవరు వేశారే?

అక్క


కళ్లద్దాల షాపు మీది గది,
జూన్.

అక్కా,

నిన్న ఒక్కదాన్నే ఎగిరాను.

మాస్టారు ఇంజను ఆపకుండానే బెల్టు విప్పుకుని దిగిపోయాడు. "ఒక చుట్టు తిరిగి రా, నేను టీ తాగుతుంటాను" అన్నాడు. ఆయన బరువు పోయేసరికి విమానం ఒక్క గంతులో లేచింది. పక్క సీటు ఖాళీ. స్టీరింగు రెండు చేతులా పట్టుకున్నాను. దిగేటప్పుడు నేల ఎక్కడుండాలో అక్కడే ఉంది, కొంచెం కూడా అటూ ఇటూ కాలేదు. చక్రాలు తగిలినట్టే తెలియలేదు. మాస్టారు టీ తాగనే లేదట, గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఇక నువ్వు అడిగింది. ఎవరూ వేయలేదు.

నాకు కనబడింది ఆకాశం, విమానంవాడి మోచెయ్యి, ఎదురుగా గడియారాల్లాంటివి. అంతే. చెవులు దిబ్బళ్లు వేశాయి. దిగగానే నువ్వు నా చెప్పులు గుండెకి హత్తుకుని పరిగెత్తుకొచ్చావు. నన్ను నోరు తెరవనిచ్చావా? "మన ఇల్లు కనబడిందా? అగ్గిపెట్టెలా ఉందా?" అన్నావు. ఊఁ అన్నాను. "మేడ మీద అమ్మ దుప్పట్లు ఆరేస్తోందా?" ఊఁ. "ఏరు అమ్మ టేపులా ఉందా?" దానికీ ఊఁ. కాదంటే, అయితే నేనే ఎక్కాల్సిందని ఏడుస్తావు. ఆ ఊరంతా నువ్వే చూశావక్కా. నేను ఊ కొట్టాను.

రోజూ పడుకునేముందు నాచేత మళ్లీ మళ్లీ చెప్పించుకునేదానివి. ఒక మాట పొల్లుపోతే నువ్వే సరిదిద్దేదానివి. నాకెంత మండేదో తెలుసా? ఎక్కింది నేను, చూసింది నువ్వు. నీకొక్కదానికే ఉందనుకున్నావా కుళ్లు? షాపు సొమ్ము తీసుకెళ్లి ఇందులో ఎందుకు పోశానంటే ఇదీ సంగతి. నువ్వు చూసింది నేను కూడా చూడాలి.

ఇంకొక్క గంట సొమ్ము మిగిలింది. లైసెన్సు రావాలంటే ఇంకా చాలా గంటలు కావాలి, అంత నా దగ్గర లేదు. ఈ గంట నీది. మాస్టారు నడుపుతాడు, మన ఊరి మీదుగా తిప్పి తీసుకొస్తాడు. సీట్లు రెండే కాబట్టి నేను కింద ఉంటాను. నీ చెప్పులు నేను పట్టుకుంటాను.

ఎంత పెట్రోలు పోయాలో తేల్చడానికి నీ బరువు కావాలట. నిజం రాయి. గిరాకీలకి నడుము కొలత తగ్గించి చెప్పి సంతోషపెడతావే, అలా ఇక్కడ కుదరదు.

పుల్ల


కుట్టు షాపు,
జూలై.

పుల్లకి,

క్షేమంగా ఇల్లు చేరాను. మీ బావ రెండు రోజులుగా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. బస్సులో అంతదూరం నాతో వచ్చి కింద నిలబడ్డాడు కదా, అదీ కోపం. "పెద్ద బండి నడిపేవాణ్ణి, ముందు నన్ను ఎక్కించాల్సింది" అని డిపోలో అంటున్నాడట. ఇంటికి రాగానే ఆ విమానం క్యాలెండరు పీకేశాడు. నేను మళ్లీ తగిలించాను.

బరువు నాలుగు కిలోలు తగ్గించి రాశాను. నిజమే. కానీ నువ్వు దానికి అయిదు కలిపి ఇచ్చావని మాస్టారు గాల్లో చెప్పేశాడు. నాలుగు కలిపితే నా చెల్లెలివి అనుకునేదాన్ని. ఆ అయిదో కిలో ఎక్కణ్ణుంచి వచ్చిందో ఈసారి కలిసినప్పుడు తేలుస్తాను.

చెప్పులు చేత్తో పట్టుకోమని ఇస్తే కాళ్లకి తొడుక్కున్నావు. నేను దిగేసరికి వాటితో టపటపా పరిగెత్తుకొచ్చావు, రెండుసార్లు తూలావు కూడా. "ఏం కనబడిందక్కా? ఇల్లు కనబడిందా? ఏరు కనబడిందా?" అన్నావు. చెప్పబోయాను. నీ మొహం చూసి ఆగిపోయాను. అంత ఆత్రం నీ మొహంలో నేనెప్పుడూ చూడలేదు, చూస్తే నాకు ఎంత హాయిగా ఉందో రాయడానికి సిగ్గేస్తోంది.

కర్టెన్ల గుడ్డ అమ్మేశాను. యూనిఫాంల సొమ్ము కూడా కలిపి నీ పేరు మీద మాస్టారికి పంపాను, మళ్లీ గంటలు మొదలుపెట్టు. ఇది దయ అనుకునేవు, కాదు. నాకు మళ్లీ ఎక్కాలనుంది. నీకు లైసెన్సు వస్తే మాస్టారి ఫీజు మిగులుతుంది, లెక్క నేను చూసుకున్నాను. దిండు అణిగితే వెంటనే రాయి.

ఏం కనబడిందో మాత్రం చెప్పను. కొన్నాళ్లు నువ్వు కుళ్లుకో.

బస్తా